విల్లుకు కట్టిన బరువు

అనంతపురం,
27-9-1984

బావకు,

నీ మేనత్త కూతురు రామాంజినమ్మ చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మామా ప్రాణాలతో ఉన్నాం. అక్కడ నువ్వు ఏ నలతా లేకుండా ఉన్నావని నమ్మి రాస్తున్నాను. అట్లా నమ్మకపోతే నా చేయి సాగదు.

పైన మన ఊరి పేరు బదులు అనంతపురం అని ఉందేమిటని నువ్వు కంగారు పడతావు. మామను ఇక్కడ ఆసుపత్రిలో చేర్చి ఈ రోజుకు ఆరు రోజులు. తొడకు ఆపరేషన్ అయింది. నిన్నటి నుంచి జ్వరం లేదు. పొద్దున అర గ్లాసు రాగిజావ తాగి, ఉప్పు చాలలేదని నన్ను కసిరాడు. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, మిగతాది చదివేటప్పుడు మీ నాయన ఉన్నాడో లేడో అనే భయం నీకు ఉండకూడదు. ఆ భయం నేను పడ్డాను. ఇంట్లో ఒకరు పడితే చాలు.

నీ ఉత్తరం మేము బస్సెక్కే రోజు పొద్దునే అందింది. బస్సులో మామకు చదివి వినిపించాను. అరవై ఏళ్ల వయసులో మా నాయన ఒక్కడే నిలబడి అడవిపందిని కొట్టాడని మీ హవల్దారుకు చెప్పుకున్నావని, ఆయన పటాలమంతా చాటాడని రాశావు. ఆ ముక్క దగ్గర మామ కిటికీ వైపు తిరిగాడు. మామూలుగా నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకునే మనిషి, ఆ రోజు రెండోసారి అడగలేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. అవి రాస్తూ ఉంటే నాకు కాస్త ధైర్యం వస్తుంది.

మీ దగ్గర ఆట విల్లులకు ముందువైపు కడ్డీ బిగించి, దాని కొసకు బరువు పెడతారని, దాన్ని స్టెబిలైజర్ అంటారని, బాణం వదిలేటప్పుడు విల్లు మెలి తిరక్కుండా చేయి వణక్కుండా అది ఆపుతుందని ఆషాఢంలో బొమ్మ గీసి పంపావు కదా. మామ ఎడమ చేయి వణుకుతోందని నేను రాసినందుకే పంపావు. ఇప్పుడు మీ వర్క్‌షాపులో మంచిది ఒకటి చేయించి పంపుతాను, పొడుగుదా పొట్టిదా, ఎంత బరువుండాలి అని అడిగావు.

మేము మూడు రకాలు చూశాం. మొదట మూరన్నర వెదురు కర్ర కట్టి, దాని కొసకు అంగట్లోని అరకిలో తూకం రాయి బిగించాం. విల్లు బండలా నిలిచింది గానీ, పది అంకెలు లెక్కపెట్టేలోపు మామ భుజం దిగిపోయింది. పైగా చేలోకి పోతే కర్ర కొస ప్రతి జొన్న దంటుకూ తగిలి చప్పుడయ్యేది. మీ ఆటస్థలంలో చెట్టూ చేమా ఉండవు కాబట్టి పొడుగుది నప్పుతుందేమో, కంచె సందుల్లో అది పనికిరాదు. తర్వాత విల్లు కింది కొమ్ముకు సీసం ముక్క కట్టాం. అది విల్లును కిందికి లాగింది గానీ మెలి ఆపలేదు. ఆఖరికి మామ యాడికి ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు పోయాడు. స్టెబిలైజర్ కావాలంటే ఆ మెకానిక్కు "ఏ మోటారుకప్పా, ఎన్ని హెచ్‌పీ?" అన్నాడట. నీ బొమ్మ చూపించాక నవ్వి, జానెడు బోల్టు, ఐదు నట్లు ఇచ్చాడు. బోల్టు తలను విల్లు పిడి దగ్గర నారతో బిగించి, ఒక్కో నట్టు ఎక్కిస్తూ తీస్తూ చూశాం. ఐదు ఎక్కువ, రెండు తక్కువ, మూడు సరిపోయాయి. నట్లు టిక్కుటిక్కుమనకుండా మధ్యలో సైకిలు ట్యూబు ముక్కలు పెట్టాం. కాబట్టి చేయిస్తే పొట్టిదే చేయించు. బరువు కొసలోనే ఉండాలి, దాన్ని పెంచుకునే తగ్గించుకునే వీలుండాలి.

చౌడమ్మ కూతురు ఎట్లా ఉందని అడిగావు. ఆ పిల్లను వాళ్ల అవ్వ ఉరవకొండకు తీసుకుపోయింది. వాళ్ల నాయన అంజినప్ప, పెళ్లాం పోయిన దగ్గరి నుంచి పొలం వైపు చూడలేదు. మన బాయి గట్టున గడ్డి కోసుకుంటున్న చౌడమ్మ కడుపులో ఆ పంది పొడిచిందని, మూడో రోజు ఆమె పోయిందని నీకు రాశాను. కానీ ఆ తర్వాత ఊరు ఎట్లా ఉందో రాయలేదు. విత్తనం వేశాక వాన లేదు. కొండలో గుంటలు ఎండిపోయాయి. చుట్టుపక్కల పచ్చగా ఉన్నది మన బాయి కింది ఎకరా వేరుశెనగే కాబట్టి అది పట్టపగలే దిగేది. ఆడవాళ్లం చెంబు పట్టుకుని బయటికి పోవాలన్నా నలుగురం కలిసి, పళ్లెం వాయించుకుంటూ పోయేవాళ్లం. ఎండు జొన్నచేలో ఆకు కదిలితే పళ్లెం ఇంకా గట్టిగా వాయించేదాన్ని. ఊరంతా వేలిముద్రలు వేసి అటవీ ఆఫీసుకు అర్జీ పెట్టాం. తుపాకీ ఉన్న మనిషిని పంపుతామన్నారు. ఈ రోజుకీ రాలేదు.

ఇక మిగిలింది ఒక ప్రశ్న. నాయన తొడ గాయం మానిందా అని అడిగావు. దీనికి జవాబు రాయాలంటే పోయిన ఉత్తరంలో నేను రాసింది కొట్టేయాలి.

బావా, అది పంది కోర పోటు కాదు.

మొదటి నుంచి రాస్తాను. నట్లు సరిచూసే రోజుల్లో మామ విల్లు లాగి పట్టుకుంటే, బోల్టు కొస గోడ ముందు ఎంత మేర తిరుగుతోందో నేను చూసి చెప్పాలి. బరువు లేనప్పుడు జొన్నరొట్టె అంత తిరిగింది. మూడు నట్లతో చిన్న గిన్నె అంతకు తగ్గింది. అంతకంటే తగ్గలేదు.

"వణుకు విల్లులో ఉండాదా, నా చేతిలో ఉండాదా తెలీడంల్యా. నువ్వొకసారి పట్టుకో అమ్మీ" అన్నాడు మామ.

"మనింట్లో ఆడోళ్లు విల్లు ముట్టగూడదని నువ్వే గదా మామా అంటావు?"

"అన్న నోటితోనే చెప్తాండా. పట్టుకో."

పట్టుకున్నాను. రోజూ బాయిలో కడవల లెక్కన తోడే చేతులు నావి. లాగి నిలిపితే బోల్టు కొస గోడ మీది బొగ్గు చుక్క దగ్గరే నిలబడింది. మామ దగ్గరికొచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "సరే, దించు" అన్నాడు. ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు. మరుసటి రోజు నుంచి నాలుగు రోజులు ఇంటి వెనక గడ్డివామికి గోనెసంచి కట్టి నాచేత బాణాలు వేయించాడు.

ఐదో రోజు పొద్దు బారెడెక్కినప్పుడు మేమిద్దరం బాయి దగ్గర మడులకు నీళ్లు కడుతున్నాం. విల్లు, మూడు బాణాలు గట్టు మీద ఉన్నాయి. పంది కంచె సందులోంచి వచ్చింది. అరవలేదు, పరిగెత్తలేదు. తన చేనే అన్నట్టు నడిచొచ్చి మడిలో మూతి పెట్టింది. దాని ఎడమ కోర సగానికి విరిగి ఉంది. చౌడమ్మను పొడిచింది అదేనని అంజినప్ప చెప్పిన గుర్తు.

మామ నన్ను కదలొద్దని చేత్తో సైగ చేసి విల్లెత్తాడు. బోల్టు కొస వణకడం నాకు ఇరవై అడుగుల దూరం నుంచి కనిపించింది. బాణం దాని మూపు మీద తోలు గీసుకుని పోయింది. పంది తిరిగి ఆయన మీదికి వచ్చింది. తప్పుకోబోయి కాలవ బురదలో జారి మామ వెల్లకిలా పడ్డాడు. విల్లు ఎగిరి నా ముందు పడింది. పంది ఆయన పక్కటెముకల్లో మూతి పెట్టి కుమ్ముతోంది. ఆయన రెండు చేతులతో దాని చెవులు పట్టుకుని తల దూరంగా తోస్తున్నాడు.

నేను పారిపోబోయాను బావా. ఇది కూడా రాయాలి. ఊరివైపు నాలుగు అడుగులు వేశాను. ఎట్లా వెనక్కి తిరిగానో నాకు గుర్తు లేదు. చూసుకుంటే విల్లు నా చేతిలో ఉంది, బాణం ఎక్కించి ఉంది. వదిలాను. అదే క్షణంలో పంది పక్కకు ఒరిగింది. బాణం మామ కుడి తొడలో దిగింది.

ఆయన పెట్టిన కేక బాయిలో పడి మళ్లీ పైకి వచ్చింది.

ఆ కేకకు పంది ఆయన్ను వదిలి తలెత్తింది. నన్ను చూసింది. నా దగ్గర ఇంక ఒకే బాణం ఉంది. నా మోకాళ్లు, పళ్లు, కడుపు అన్నీ వణుకుతున్నాయి. ముందుకు సాగిన ఆ జానెడు ఇనుము మాత్రం, నేను ఊపిరి బిగపట్టినంతసేపు, కదలకుండా నిలిచింది. ముంగాలి వెనక సందు కనిపించింది. వదిలాను. పంది నా చీర కుచ్చెళ్లకు ఒరుసుకుంటూ పరిగెత్తి, కంచె దగ్గర పడి, కాళ్లు కొట్టుకుని ఆగిపోయింది.

నేను మామ దగ్గరికి పోయేసరికి ఆయన తొడలోని బాణాన్ని తానే పీకేసుకున్నాడు. రక్తం కాలవ నీళ్లలో కలుస్తోంది. ఊళ్లోంచి మనుషులు పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇను. ఇది కోర పోటు. పందిని కొట్టింది నేను. తెలిసిందా?" అన్నాడు.

"మామా, నేను నిన్ను..."

"మామ మీద బాణమేసిన కోడలని తెలిస్తే ఈ ఊరోళ్లు నిన్ను బతకనీరు. వాడు యాడనో ఉండాడు. వాని మీద ఒట్టెయ్యి. ఎవురికీ చెప్పాకు."

రక్తం అంటిన చేయి ఆయన అరచేతిలో పెట్టి నీ మీద ఒట్టు వేశాను.

మామను మంచం మీద మోసుకుపోయాక నేను వెనక ఉండి ఆ బాణాన్ని కడిగాను. ములికికి కొన లేదు. గోరంత ఇనుము విరిగిపోయి ఉంది. ఎక్కడ విరిగిందో ఆలోచిస్తే నాకు తెలిసేదే. ముందే విరిగిందేమో, పాతదేమో అని నాకు నేనే చెప్పుకుని దాన్ని బాయిలో పారేశాను. నీకు ఉత్తరం రాసినప్పుడు మామ పక్కన కూర్చుని ఏమేం రాయాలో చెప్పాడు. పది రోజుల్లో మానిపోతుందని కూడా ఆయనే రాయించాడు.

మానలేదు. యాడికి కాంపౌండరు కట్టు కట్టాడు. పైన తోలు మూసుకుంది, లోపల వాచింది. తొడ ముట్టుకుంటే పొయ్యి మీది పెనంలా కాలేది. ప్రతి పొద్దునా కట్టు విప్పేటప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే ఒట్టు తప్పి నీకేమైనా అవుతుంది. చెప్పకపోతే మామ పోతాడు. మీ ఇద్దరినీ చెరో చేతిలో పట్టుకుని ఎవరిని వదలాలో తెలియని దానిలా ముప్పై రోజులకు పైగా తిరిగాను. తపాలా మనిషి మన వీధిలోకి తిరిగితే తంతి తెచ్చాడేమోనని తలుపు వెనక నిలబడేదాన్ని.

ఇక్కడికొచ్చాక డాక్టరు గాయం చూసి, "పెద్దాయనా, కోర అయితే చీలుస్తుంది. ఇది గుచ్చుకున్న గాయంలా ఉందే?" అని అడిగాడు.

"కోరే సారూ. నా మీద పడిన పందిని నేను చూడల్యా?" అన్నాడు మామ.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "చీము ఎముక దాకా పోతోందమ్మా. రేపటి దాకా మందులిచ్చి చూస్తాను. లొంగకపోతే కాలు తీసేయాలి. అట్లా వదిలేస్తే మనిషి దక్కడు. సంతకానికి ఎవరున్నారు?"

నేనే ఉన్నానని చెప్పాను. మామ మంచం దగ్గరికి తిరిగి పోలేకపోయాను. కొళాయి దగ్గర కూర్చున్నాను. అప్పుడు నేను నీ గురించే అనుకున్నాను బావా. నీ ముఖం కళ్లముందుకు తెచ్చుకుని, నీకేదైనా అయితే ఆ పాపం నాదని చెప్పుకుని, లేచి డాక్టరు గదిలోకి పోయాను.

"సారూ, లోపల ఇనుము ఉండాది. బాణం కొన. వేసింది నేనే" అన్నాను.

ఆయన అప్పటికప్పుడే ఎక్స్‌రే చీటీ రాశాడు. చక్రాల బండి మీద మామను ఆ గదికి తోసుకుపోతుంటే ఆయనకు అర్థమైపోయింది. నా వైపు తల తిప్పి, "నా కొడుకును పణం పెట్టినావు గదమ్మీ" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట తప్ప నాకు ఆ రోజు ఇంకేదీ వినిపించలేదు.

ఎక్స్‌రేలో గోరంత తెల్లటి ముక్క కనిపించింది. మరుసటి రోజు పొద్దున కోసి తీశారు. తొడలో ఒక గుప్పిట కండ పోయింది. కుంటుతాడట, కానీ కాలు ఉంటుందట. తీసిన ముక్కను దూదిలో పెట్టి నా చేతికిచ్చారు. ఎక్కడ దాచాలో తెలియక కొంగున ముడేసుకున్నాను.

రెండు రోజులు మామ నాతో మాట్లాడలేదు. నీళ్లిస్తే తాగాడు, జావ పోస్తే మింగాడు, కళ్లు మాత్రం పైకప్పు మీద ఉన్నాయి. నిన్న మన పక్క పొలం గంగాధరప్ప చూడ్డానికొచ్చాడు. మంచం అంచున కూర్చుని, "ఏమప్పా ఈరన్నా, ఈ వయసులో ఒక్క దెబ్బకు పందిని పడేసినోనికి ఈ గాయం ఒక లెక్కనా?" అన్నాడు.

"పడేసింది నేను కాదప్పా" అన్నాడు మామ.

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

"నా బాణం తప్పిపాయ. నేను పంది కింద ఉండాను. చంపింది ఈ బిడ్డ."

"మరి నీ తొడ?"

"బిడ్డ వేసిన బాణానికి నేను అడ్డం పడితి. అది దాని తప్పు కాదు. ఊళ్లో అడిగినోళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు. ఇంగొక మాట ఎవురన్నా అంటే నా ముందరికొచ్చి అనమను."

గంగాధరప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను గోడకు ఆనుకున్నాను. ఆయన ఏమంటాడో అని కాదు, ఇంటికి పోయి ఎంతమందికి ఎట్లా చెబుతాడో అని. చివరికి, "మా చేన్లోనూ దాని పిల్లలు దిగుతాండాయి" అని మాత్రం అని, లేచి పోయాడు. ఊరు ఏమంటుందో నాకింకా తెలియదు.

ఆయన పోయాక మామ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "ఒట్టు పెట్టించుకున్నోన్ని నేను. నేనే ఇడిచిపెడతాండా. వానికేం కాదు" అన్నాడు. అంటూనే కళ్లు మూసుకుని చేతులు రెండూ నొసటికి తాకించుకున్నాడు. ఆయనకూ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది.

ఇంకొకటి చెప్పమన్నాడు. చేయించే స్టెబిలైజరు రామాంజి చేతికి సరిపడేటట్టు చేయించమని. కొలత పంపమని నన్ను పొద్దుటి నుంచి రెండుసార్లు అడిగాడు. నేను పంపడం లేదు. ఆ విల్లు మళ్లీ పట్టుకోగలనో లేదో నాకు తెలియదు. మామ తొడ మీద కట్టు చూసినప్పుడల్లా పట్టుకోకూడదనిపిస్తుంది. చౌడమ్మ కూతురు గుర్తొచ్చినప్పుడు ఇంకోలా అనిపిస్తుంది. నీ జవాబు వచ్చాక ఆలోచిస్తాను.

ఇంతదాకా రాసింది ఇప్పుడే మామకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని అంతా విన్నాడు. పారిపోబోయానని రాసిన చోట, "నేనైతే పరిగెత్తే పోయుందును" అన్నాడు. ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేదు. "నేను కేక పెట్టల్యా. అది కొట్టెయ్యి. వాడు దీన్ని పటాలంలో చదువుకుంటాడు" అన్నాడు. సరే మామా అన్నాను. కొట్టేయలేదు. ఇంక నీ దగ్గర ఏ చిన్న అబద్ధమూ రాయలేను.

నీకు కోపం వస్తుంది. రావాలి. మీ హవల్దారుకు ఏం చెప్పుకుంటావో కూడా నాకు తెలియదు. కానీ ఈ కాగితాలు చదివిన పూటే ఒక కార్డు తపాలాలో వెయ్యి. తిట్లే రాసినా సరే, ఏమీ రాయకుండా చిరునామా ఒక్కటే రాసినా సరే. నేను ఒట్టు తప్పి ఈ రోజుకు ఐదు రోజులు. నీ చేతిరాత కళ్లబడేదాకా నాకు ముద్ద దిగదు.

ఇట్లు,
నీ క్షేమమే కోరే నీ అత్త కూతురు, నీ ఇంటి మనిషి,
రామాంజినమ్మ